బెల్లం మానిన శెట్టి

తిరుత్తణి బజారులో రంగనాథం నాలుకకు ఉన్న పరపతి ఆయన మొహానికి లేదు. బెల్లం మండీ ఆయనది. రైతు బండి దించి, బెల్లం అచ్చు అంచు గిల్లి శెట్టి అరచేతిలో పెట్టాలి. శెట్టి అది నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, అప్పుడు ధర చెప్పాలి. రుచి చూడకుండా చెబితే, నా సరుకు నోట పెట్టుకోవడానికి కూడా పనికిరాదా అని రైతుకు రోషం వస్తుంది, బండి తిప్పుకుని పోతాడు. ఉప్పు నేల చెరకో, ఏటి ఒడ్డు చెరకో రంగనాథం నాలుకతోనే పట్టేసేవాడు. ఆ గొప్ప ఎవరూ అడక్కపోయినా చెప్పుకునేవాడు కూడా.

అలాంటి మనిషికి నలభై దాటాక దాహం పట్టుకుంది. చెంబు మీద చెంబు తాగినా నోరు ఎండిపోయేది. పెరట్లో తాను మూత్రం పోసిన చోట చీమలు మూగితే, భార్య వాసవాంబ చూడకముందే నీళ్లు కుమ్మరించి వచ్చేవాడు. ఊళ్లో డాక్టరు గడప తొక్కితే నలుగురికీ తెలుస్తుందని, సరుకు పనని ఇంట్లో చెప్పి, రైలెక్కి తిరువళ్లూరు వెళ్లాడు. అది పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదో, తొమ్మిదో సంవత్సరం. అక్కడ డాక్టరు శివప్రకాశం గాజు గొట్టంలో నీలం మందు పోసి, ఈయన మూత్రం చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద కాచాడు. నీలం కాస్తా ఇటుక రంగుకు తిరిగింది.

"చక్కెర జబ్బు శెట్టిగారూ. భయపడొద్దు," అన్నాడు డాక్టరు. "తీపి మానేయండి, అన్నం తగ్గించండి, రోజూ నడవండి. మాత్ర మరిచిపోకండి. పాదాలు తిమ్మిరెక్కితే దెబ్బ తగిలినా నొప్పి తెలీదు, రోజూ చూసుకుంటా ఉండండి. ఇంకో మాట. ఇది ఇంట్లో ఒకరికొస్తే ఇంకొకరికీ రావచ్చు. తోడబుట్టినోళ్లుంటే పిల్చుకొని రండి. ముందే తెలిస్తే కాలూ కన్నూ కాపాడుకోవచ్చు."

తోడబుట్టినవాడు ఒక్కడే, చెంగయ్య. మండీలో కాటా చూసుకునేవాడు. తిరుగు రైల్లో రంగనాథం ఆలోచించింది తమ్ముడి గురించి కాదు. బెల్లం శెట్టికి చక్కెర జబ్బు అంటే బజారు ఎంత నవ్వుతుందో అని. రైతుల సొమ్ము రుచి పేరుతో మెక్కాడు, అనుభవిస్తున్నాడు అంటారని.

మర్నాడు మునికృష్ణ అనే రైతు తిరువాలంగాడు నుంచి బండి తోలుకొచ్చి, బెల్లం ముక్క అందించబోయాడు. రంగనాథం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటికప్పుడు నోటికి వచ్చింది అనేశాడు.

"తీపి ఇడిచిపెట్టినా మునికృష్ణా. కొండమీద సామికి మొక్కు."

మునికృష్ణ చెంపలేసుకున్నాడు. "బెల్లం యాపారం చేస్తా తీపి ఇడిచిపెట్టినావా శెట్టీ! ఎవురికొస్తాదయ్యా ఈ మనసు!"

సాయంత్రానికల్లా బజారంతా అదే మాట. ఆడవాళ్లు పిల్లల్ని తెచ్చి ఆయన కాళ్లకు మొక్కించారు. కాశీకి పోయొచ్చిన వాళ్లకు కూడా అంత మర్యాద జరగదు. రంగనాథం సిగ్గుతో చచ్చిపోయాడు గానీ, వద్దని మాత్రం అనలేదు. రుచి చూసే పని తమ్ముడికి అప్పగించాడు.

కొన్నాళ్లకు చెంగయ్య మాటిమాటికీ నీళ్ల కుండ దగ్గరికి పోతుండడం ఆయన కంటపడింది. చొక్కా వదులైంది, దవడలు లోపలికి పోయాయి. ఆ దాహం రంగనాథం ఎరగనిదా?

"చెంగా," అని పిలిచాడు ఒకరోజు.

"ఏందన్నా?"

"ఏం లేదు. కాటా బాగా తుడు."

చెబితే, నీకెలా తెలుసని అడుగుతాడు. మొక్కు గుట్టు రట్టవుతుంది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఇలాంటి రేపులు పిరికివాళ్ల దగ్గర కావలసినన్ని ఉంటాయి.

ఆడికృత్తిక పండక్కి చెంగయ్య కొండమీది సామికి కావడి ఎత్తాడు. మిట్టమధ్యాహ్నం, కాలే రాతి మెట్ల మీద ఉత్త కాళ్లతో కొండెక్కి దిగాడు. అరికాళ్ల నిండా బొబ్బలు.

"రవ్వంత నొప్పి కూడా లేదన్నా! సామి సల్లంగా చూసినాడు," అని మురిసిపోయాడు.

 నొప్పి ఎందుకు తెలియలేదో ఆ గుంపులో తెలిసినవాడు రంగనాథం ఒక్కడే. అప్పుడైనా నోరు విప్పాడా? పసుపు రాసుకోమన్నాడు! కుడికాలి బొబ్బ పుండైంది, పుండు నల్లబడింది. మద్రాసు ఆసుపత్రిలో కాలు చీలమండ పైదాకా తీసేశారు.

మంచం పక్కన కూర్చున్న అన్న చెయ్యి పట్టుకుని చెంగయ్య ఏడ్చాడు. "నాకు చక్కెర జబ్బంట అన్నా. శానా దినాలుగా ఉండాదంట. నువ్వు పుణ్యాత్ముడివి, మొక్కు నిన్ను కాపాడింది. నేనే పాపిష్టోణ్ని."

ఆ మాట రంగనాథం మింగలేకపోయాడు.

"మొక్కూ లేదు, ఏమీ లేదురా," అన్నాడు. "నాకూ అదే జబ్బు. తిరువళ్లూరు డాక్టరు అప్పుడే చెప్పినాడు. నిన్నూ పిల్చుకొని రమ్మన్నాడు."

చెంగయ్య మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తెలిసే నా చేత రోజూ బెల్లం తినిపించినావా?"

 

ఆ తర్వాత మండీలో ఎవరు బెల్లం ముక్క చాపినా రంగనాథం పైకే చెప్పేవాడు. "మొక్కు కాదయ్యా, అబద్ధం చెప్పినా. నాకు చక్కెర జబ్బు. దాహం ఎక్కువైనా, పుండు మానకపోయినా డాక్టరు దగ్గరికి పోండి. ఇంట్లోవాళ్లనీ పిల్చుకొని పోండి. నా మాదిరి దాయొద్దండి." బజారు నవ్వింది, నాలుగు రోజులు నవ్వి మానేసింది. ఇంత చిన్న నవ్వుకా భయపడ్డాను అని ఆయన కుమిలిపోయాడు. మునికృష్ణ మాత్రం నవ్వలేదు. వాళ్లమ్మను తీసుకుని తిరువళ్లూరు రైలెక్కాడు.

చెంగయ్య మళ్లీ కాటా దగ్గరికి వచ్చాడు. చంకకర్ర గోడకు ఆనించి, ఎప్పటిలాగే తూకం చూస్తాడు. అన్నా అని మాత్రం పిలవడు.

"శెట్టిగారూ, దించమంటారా?" అంటాడు, పరాయివాళ్లు అన్నట్టే.

"దించు," అంటాడు రంగనాథం, అతని కాలికేసి చూడకుండా.