బొమ్మకు అంటిన బంతిరేక

"సారూ, బొమ్మ ఇంక వాసనస్తనే ఉన్నది."

"లోపలి రంగు ఆరలే చెల్లె. ఏం తొందర? నువ్వేడికన్న పోతున్నవా?"

రాజేశం సారుతో నా ఆఖరి మాటలివి. నేను ఎక్కడికీ పోలేదు, ఆయనే పోయారు. ఈ పొద్దున వాన పడి తలుపులు, కిటికీ మూసుకుంటే బొమ్మ రంగుల్లో కలిపిన ఆ అవిసెనూనె వాసన మళ్లీ ముక్కుకు తగిలింది. నాకు రాత రాదు. చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది.

ఆయన కోరుట్ల బడిలో డ్రాయింగ్ చెప్పి, రిటైరయ్యాక సిరిసిల్లలో మా పక్కింట్లో దిగారు. పోయినవాళ్ల చిన్న ఫోటో తెస్తే నూనె రంగులతో పెద్ద బొమ్మ గీసిచ్చేవారు. మా వాడలో అలాంటి బొమ్మ గోడకెక్కిందంటే దాని మీద దండ, కింద అగరొత్తి ఉండాల్సిందే. మా ఆయన పోయినప్పుడు ఆయన బొమ్మా సారే గీశారు. నేను తలుపు వెనక మూలకు రాట్నం జరుపుకొని, మగ్గాలకిచ్చే కండెలకు నూలు చుట్టుకుంటూ, ఎవరొచ్చినా ముఖం దించుకునేదాన్ని. నా బతుకూ అక్కడితో సరి అనుకున్నాను.

మా ఆయన బొమ్మ తెచ్చిన సారు నన్ను చూసి ఆగారు.

"చెల్లె, నిన్ను గీస్త."

"నేనింక సావలే సారూ!"

"అందుకే గీస్తనంటున్న. సచ్చినోళ్లను గీసి గీసి చెయ్యి మొద్దుబారింది. ముందుగాల రాట్నం కిటికీ కాడికి జరుపు."

కిటికీ తెరిచేసరికి నా ఒళ్లోకి, నూలు మీదికి ఎండ వచ్చింది. సారు మొదట అంతా మట్టిరంగు పూశారు. "గింత నల్లగున్ననా?" అన్నాను. "చీకటి ముందు, వెలుగు ఆఖర్ల. మొఖం లేపు. దించితే వెలుగు ఏడ పెట్టాలె?" రోజూ అదే మాట. బొట్టు లేని నొసలు దాచుకోవాలని నా చెయ్యి కొంగు మీదికి పోయేది. "ఉన్నది ఉన్నట్టే మంచిగున్నది" అనేవారు. కూర్చోగా కూర్చోగా ముఖం ఎత్తడం అలవాటైంది.

బొమ్మ పూర్తయ్యాక, ఆరడానికని మా ఆయన బొమ్మ పక్కనే గోడకు ఆనించారు. నేను పెరట్లో బట్టలు ఉతుకుతుంటే, మా ఆడబిడ్డ నర్సవ్వ తన అన్న బొమ్మకని బంతిపూల దండ పట్టుకొని జగిత్యాల నుంచి వచ్చింది. రెండు బొమ్మలు చూసింది. తెచ్చిన దండ నా బొమ్మకు వేసి శోకం మొదలుపెట్టింది.

"వదినె, నువ్వు గూడ పోతివా! నాకు కబురన్న చెయ్యకపోయిరి!"

తడి చేతులతో పరుగెత్తాను. "ఎవలు పోయిండ్రే?"

నన్ను చూసి ఆమె పెట్టిన కేకకు సారు ఉరికొచ్చారు. సంగతి తెలిసి ముగ్గురం కింద కూలబడి నవ్వాం. మా ఆయన పోయాక మా ఇంట్లో నవ్వు అదే మొదలు. దండ తీస్తే ఒక రేక, బొమ్మలో నా ఒడి దగ్గర, తడి రంగుకు అంటుకుపోయింది. సారు గీకబోయి ఆగారు.

"ఉండనీ చెల్లె. బతికున్నోళ్ల ఒళ్లె పువ్వుంటే తప్పేంది?"

ఆ రేక ఇప్పుడు వెలిసిపోయింది గానీ ఊడలేదు. నా బొమ్మకు మళ్లీ దండ పడలేదు. రాట్నం కిటికీ దగ్గరే ఉంది. ఎవరొచ్చినా ముఖం ఎత్తే మాట్లాడతాను.

రాసినవా బిడ్డా? ఏదీ, ఒకసారి చదువు. వాన ఆగింది, ఆ కిటికీ తెరువు ముందు. వెలుగుల నీ మొఖం చూసుకుంట వింట.