బీలకి దొంగపేరు

పోయిన వారం పుస్తకాల ఆఫీసు నుంచి ఓ అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, మీ పిల్లల నవల్లో బీలకి పేరు రాయకుండా ఖాళీ వదిలేశారు. ఏదో ఒక పేరు చెప్పేయండి, పెట్టేస్తాం" అంది. ఏదో ఒక పేరట! నాకు ఒళ్లు మండింది. పాపం ఆ పిల్లకేం తెలుసు, నాలుగు రోజులాగి చెప్తానని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాను గానీ, విజయనగరంలో మా ఇంటి వరండాలో కూర్చుని సాయంత్రం దాకా ఆలోచించినా ఒక్క పేరు కూడా రాయలేకపోయాను. అదే నవల్లో ఊళ్లకి పేర్లు కల్పించాను, మనుషులకి కల్పించాను, ఆఖరికి ఓ మేకపోతుకి కూడా ముచ్చటైన పేరు పెట్టాను. బీల దగ్గరికొచ్చేసరికి నాకు చెయ్యి ఆడదు.

బీలంటే తెలియనివాళ్లకి చెప్పాలి. మా శ్రీకాకుళం సముద్రం వైపు, పొలాలకీ ఇసకదిబ్బలకీ మధ్య ఏడాది పొడుగునా నీరు నిలిచి ఉండే బురదనేల అది. చెరువైతే గట్టుంటుంది, ఇంతవరకే అని ఓ మర్యాద ఉంటుంది. బీలకి అవేమీ లేవు. పైకి పచ్చగా జమ్ము, తుంగ, మధ్యమధ్య కలవపూలు. అడుగున మాత్రం నిన్న మోకాల్లోతు ఉన్నచోట ఇవాళ నడుం లోతు. మా మేనత్తగారి ఊరు అలాంటి బీల అంచునే ఉండేది. సెలవులకి అక్కడికెళ్తే ముందు నానిన ఆకుల కుళ్లు వాసన, దాని వెనకాలే అత్త వేయించే ఎండుచేపల వాసన ఎదురొచ్చేవి. నాకు రెండూ ఇష్టమే. మా అమ్మ మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే గుమ్మం ఎక్కేది. ఆవిడ పుట్టిల్లు పట్నం, ఆవిడ సంగతి వేరు.

ఆ ఊళ్లో ఇంటికప్పులకి జమ్ము కోసేవాళ్లకి ఒక కట్టుబాటు ఉండేది. మనిషి లోపల ఉన్నంతసేపూ బీల అసలు పేరు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే తననే పిలుస్తున్నారనుకుని బీల లేచి కాళ్ల కిందికొస్తుందని వాళ్ల నమ్మకం. అలాగని నోరు మూసుకుంటే పని జరగదు. జమ్ములో ఒకరికొకరు కనపడరు, బీల పేరు పెట్టి కేకలు వేసుకుంటూ కొయ్యాలి. అందుకని రోజుకో దొంగపేరు. భూమ్మీద మరే బీలకీ లేని పేరై ఉండాలి, లేకపోతే ఆ పేరుగల బీల లేచొస్తుంది. అలాంటివి కల్పించడంలో మా అత్త చెయ్యి తిరిగిన మనిషి. పొద్దున్నే కొడవళ్లు పట్టుకొచ్చి గుమ్మం ముందు నిలబడి, "వొదినా, ఈయేలేటి పేరు?" అని అడిగేవారు. ఆవిడ పొయ్యి ఊదుతూనే, ఇటు తిరక్కుండా, "ఆవలింతల బీల" అనేది. ఇంకోరోజు "గుడ్డికొంగ బీల". మరోరోజు "మాడుపప్పు బీల". అంతే, ఇక ఆ రోజంతా జమ్ములోంచి "మాడుపప్పు బీలోయ్!" అని కేకలు. ఒకసారి "నసుగుడు ముసల్దాని బీల" అని పెడితే, ఆవిడ అత్తగారు అది తననేనని ఆ పూట అన్నం మానేసింది. "ఎర్రిపేరే ఎట్టాలే. బుద్దున్నోడెవుడూ ఎట్టని పేరెట్టాలి. అప్పుడది మరెక్కడా ఉండదు" అని అత్త నాకు సూత్రం చెప్పింది. కథలు రాయడంలో నాకు వేరే గురువు లేరు.

ఆ సూత్రాన్ని ఆవిడే ఒకరోజు తప్పింది. మా బావ, ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, నెల్లిమర్ల మిల్లులో పనికి కుదిరిన కొత్త. వానాకాలంలో సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. పశువులపాక కప్పు కారుతోందని అందరితోపాటు జమ్ముకి బయల్దేరాడు. మా ఇద్దరికీ ముడిపెడదామని పెద్దవాళ్లు అనుకుంటూ ఉండేవారు. నా పుస్తకాల పిచ్చి చూసి "ఒసే పంతులమ్మా" అని ఏడిపించేవాడు. నాకు అతనంటే ప్రాణం. ఆ ఉదయం గుమ్మంలో నిలబడి, "అమ్మా, నాకు మంచి పేరెట్టు. మాడుపప్పు, గీడుపప్పు అంటే నాను ఎల్లను" అని నవ్వాడు. కన్నకొడుకు నోరు తెరిచి అడిగాడు కదా! అత్త మురిసిపోయి, "తెల్లకలవల బీల. ఎల్లిరా నాయినా" అంది. మధ్యాహ్నానికి వాన ముదిరింది. మిగిలినవాళ్లు కేకలు అందుకుని ఒడ్డుకొచ్చారు, బావ రాలేదు. వెదురు గెడలతో ఊరంతా దిగి రోజుల తరబడి వెతికింది. తలకి చుట్టుకున్న తువ్వాలు దొరికింది గానీ మనిషి దొరకలేదు.

అంతటితో ఆగితే, వాన చేసిన పని అని ఏడ్చి ఊరుకునేవాళ్లం. పరామర్శకొచ్చిన ఎండుచేపలమ్మే ఆవిడ, ఒడిశా అంచు ఊరావిడ, ఆ పేరు విని బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మో! మా ఊరికవతల నిజంగా తెల్లకలవల బీలున్నాది గదే!" అంది. అత్త కుప్పకూలిపోయింది. ఎక్కడో దాని మానాన అది పడివున్న బీలని తనే పేరు పెట్టి పిలిచి, కొడుకుని అప్పజెప్పానని ఆవిడ తేల్చేసుకుంది. ఆ తర్వాత ఎవరు గుమ్మం ముందుకొచ్చి అడిగినా పేరు పెట్టలేదు. అందరూ నచ్చజెప్పారు. టీచరయ్యాక నేనూ సైన్సు పాఠంలా విడమరిచి చెప్పాను. వింటే కదా!

మొన్న ఆదివారం సాలూరు వెళ్లాను. అత్త ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. అల్లుడివి లారీలు, వీధంతా వాటి హారన్ల గోల. అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. నవల సంగతి చెప్పగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"బీలకి పేరెట్టీసినావేటే?"

"లేదత్తా. నువ్వే ఒకటి చెప్పు."

"నానా? నా నోటితోనా?" అని కళ్లొత్తుకుంది. కాస్త తేరుకుని, "పిల్లలు బయటికి సదువుతారు గదే. ఆ పేరుది ఎక్కడైనా ఉంటేనో?" అంది. భూమి పటమంతా ఫోన్‌లో ఉంటుందత్తా, ఎక్కడా లేదని చూసే పెడతానని ధైర్యం చెప్పాను.

ఆవిడ నా దగ్గరికి జరిగింది. "అయితే అది సూడు. తెల్లకలవల బీల."

ఇన్నేళ్లలో ఆ మాట ఆవిడ నోట మళ్లీ వినలేదు. ఫోన్ తీశాను. ఒడిశా అంచు ఊళ్లన్నీ జరుపుకుంటూ వెతికాను. పేరు తెలుగులో కొట్టాను, ఇంగ్లీషులో కొట్టాను. లేదు. నాకు ఏడుపూ సంతోషమూ కలిసొచ్చాయి. "లేదత్తా! అలాంటి బీల ఎక్కడా లేదు. ఆ చేపలావిడ నోటికొచ్చింది వాగి పోయింది. నువ్వు పెట్టింది దొంగపేరే!" అని ఆవిడ చేతులు పట్టేసుకున్నాను. ఆవిడ మొహం తేటపడింది. నిజంగా తేటపడింది, నేను చూశాను.

"మరి మన బీల సూడు" అంది.

చూశాను. ఊరుంది, రోడ్డుంది, రోడ్డు పక్కన పెట్రోలు బంకు కూడా ఉంది. బీల ఉండాల్సిన చోట పేరు లేని ఆకుపచ్చ మరక ఉంది. ఉందని అబద్ధం ఆడేద్దామనుకున్నాను, కానీ ఆవిడ ఫోన్ వైపు కాదు, నా మొహం వైపు చూస్తోంది.

"నేదు గదా" అంది. "నా కొడుకుని మింగిన బీలే అందులో కనపడ్నేదు. అది కనపడనంత మాత్రాన నేదని ఎలగనుకుంటానే?"

ఆవిడ మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

ఇంటికొచ్చి ఆఫీసు అమ్మాయికి ఫోన్ చేసి, పేరొద్దు, ఉత్తి బీల అని వేసెయ్యమన్నాను. పేరు లేకపోతే పిల్లలకి గుర్తుండదంది. ఉండకపోతే మరీ మంచిదన్నాను. బావ పోయిన తర్వాత నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, రిటైరయ్యాను, జుట్టు తెల్లబడింది. కాలం అందరికీ ఇలాగే నడిచిందనుకున్నాను. మా అత్తకి ఇన్నేళ్లుగా ఒకటే ఉదయం తెల్లారుతోంది.