చేతుల్లేని కోటు

కోటు కుట్టడమంటే చేతులు అతకడమేనని దర్జీ మాస్టారి సిద్ధాంతం. మిగతాదంతా సంచీ కుట్టినట్టే అనేవాడు. ఆయన అతికిన భుజం మీద ముడత చూపించగలవాడు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. అందుకే, చలికాలం గోల్ఫ్ ఆటకి చేతుల్లేని కోటు కుట్టిపెట్టమని భార్య అడిగినప్పుడు ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

"చలికి కోటా, అదీ చేతుల్లేకుండానా? తలుపుల్లేని ఇల్లు కూడా కట్టించుకో!"

"కర్ర ఎత్తాలండీ, భుజాలు ఆడాలి. లోపల స్వెట్టరుంటుంది. గుండెకి వెచ్చగా ఉంటే చాలు."

ఆవిడ పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొడుతుంది. సగం జుట్టు నెరిశాక గోల్ఫ్ పట్టుకుంది, కేవలం అక్కని ఓడించడానికి. పరుగులో, పాటలో, ఆఖరికి తుమ్ములో కూడా ఆ అక్కదే పైచెయ్యి. ఈసారి శీతాకాలం పోటీలో ఎదురుపడేదీ ఆ మహాతల్లే. ఒక్కసారైనా గెలవాలని చెల్లెలి ప్రాణం కొట్టుకుపోతోంది.

మాస్టారు వింటేగా! పంతం పట్టి నిండు చేతుల ఉన్ని కోటు కుట్టాడు. చూడ్డానికి కడిగిన ముత్యంలా ఉంది. కాకపోతే, చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డ మనుషులకి కొలతలు తీసీ తీసీ అలవాటైపోయి, భార్యకీ అలాగే తీశాడు. ఓసారి కర్ర ఎత్తి చూపించమని అడగాలన్న ఆలోచనే రాలేదు మహానుభావుడికి.

పోటీనాడు మొదటి దెబ్బకే కోటు చంకల్లో పట్టేసింది. కర్ర సగం లేచి ఆగిపోయింది. బంతి పక్కకి పోయి నీళ్ళలో బుడుంగుమంది. రెండోది పొదల్లో దూరింది. "అయ్యో చెల్లీ!" అంటూ అక్క జాలి ఒలకబోస్తుంటే ఆట చూడ్డానికొచ్చిన మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తప్పు భార్యది కాదు, తన టేపుది.

భార్య తిన్నగా వచ్చి రెండు చేతులూ చాపింది. "కోసెయ్యండి."

"నేను కుట్టినవాటిల్లోకెల్లా మంచి చేతులే ఇవి!"

"తెలుసు. అందుకే మిమ్మల్నే కొయ్యమంటున్నా."

జేబులో కత్తెర లేకుండా మాస్టారు వీధిలోకి రాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని కోసేశాడు. ఇక చూడాలి! బంతి పిట్టలా ఎగిరింది. నడిచేటప్పుడు చలేస్తే ఆవిడ కోసిన చేతుల్నే తొడుక్కునేది, బంతి దగ్గరికి రాగానే తీసి మొగుడి మెడలో వేసేది. ఆఖరి గుంట దగ్గరికి అక్కాచెల్లెళ్ళు సరిసమానంగా చేరారు.

అప్పుడు తన బిరుసు కోటులో ఆపసోపాలు పడుతూ అక్క వచ్చింది. "మరిదిగారూ, మీకు పుణ్యముంటుంది, నావీ కోసిపెట్టండి."

భార్య మొహం పాలిపోయింది. మాస్టారు ఆవిడకేసి ఓసారి చూశాడు.

"కత్తెర మొద్దుబారిపోయింది, వదినా."

ప్రాణం పోయినా ఏ దర్జీ నోటా రాని మాట అది. భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగకుండానే కొట్టింది. బంతి వెళ్ళి గుంట అంచున కూర్చుంది, అక్కది ఇసుకలో కూరుకుపోయింది. ఇక గెలుపు ఎవరిదో వేరే చెప్పాలా!

ఇంటికి వస్తూ ఆవిడ మొగుడి భుజం మీద ఒక్కటిచ్చింది. "అంత అబద్ధమా అండీ!"

"కొలతెలాగూ సరిగ్గా తియ్యలేకపోయాను. నీకోసం అబద్ధమైనా సరిగ్గా ఆడొద్దుటే?"