పాట వింటే గుడివాడ గుర్తు రాలేదు

నేవన్, ఆదివారం ఉదయం. నిన్న కారులో నా మనసుకు తగిలిన దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. అందుకే ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో నాతో పెరిగిన మీ అందరికీ రాస్తున్నాను.

అల్లుడి ఉద్యోగం కోసం వచ్చే వారం ఈ నేవన్ వదిలి, ఈ పరాయి దేశంలోనే మరో ఊరు షానన్‌కు మారుతున్నాం. నిన్న కారులో మనవరాలు అను, సొంత ఊరికి తిరిగి వెళ్ళడం గురించిన ఆస్ట్రేలియా రాక్ పాట ఒకటి పెట్టుకుని, నేవన్ తన ఊరంటూ కళ్ళు తుడుచుకుంది.

"నేవన్ నీ ఊరేమిటే? మీ నాన్న ఊరు తెనాలి. అదే నీ ఊరు," అని గద్దించాను.

"బట్ ఐ నెవర్ లివ్డ్ దేర్, అమ్మమ్మా. నీ ఊరేది?"

"మా నాన్న ఊరు, గుడివాడ."

"డిడ్ యూ లివ్ దేర్?"

ఆ గిటారు మోగుతుంటే నా కళ్ళ ముందు మెదిలింది మన క్వార్టరే. రైలు వెళ్ళినప్పుడల్లా గూట్లో గలగలలాడే ఇత్తడి గ్లాసులు, ఆరేసిన చీరల మీద బొగ్గు నుసి, అమ్మ విసుగు. గుర్తుందా? గుడివాడ అని చెప్పమన్నారు నాన్న, జీవితమంతా అలాగే చెప్పాను. నా ఊరేదో నాకు ఒక పరాయి పాట చెప్పడమా!

ఇక జరగవలసినవి:

1. అను తన ఊరు నేవన్ అంటే ఇంట్లో ఎవరూ సరిదిద్దకూడదు.
2. బయలుదేరేలోగా అది అడిగిన వీధులన్నీ మా అమ్మాయి తిప్పి చూపించాలి.
3. మన క్వార్టర్లు ఉన్నాయో, పడగొట్టారో మీలో ఎవరైనా నిజం చెప్పాలి. ఓదార్పు మాటలు వద్దు.