ఆసుపత్రి బట్టల గదిలో అనసూర్య

హుజూరాబాద్‌లో డాక్టర్ సరళాదేవి నడిపే చిన్న కాన్పుల ఆసుపత్రిలో బట్టలుతికే పని అనసూర్యది. భర్త దేవదాస్ మరమగ్గం మీద కూలికి నేసేవాడు. ఆ కూలి చాలక ఆమె ఈ పనికి ఒప్పుకుంది. నెత్తుటి దుప్పట్లను సోడాలో నానబెట్టి, బ్లీచింగ్ నీళ్లలో జాడించి, పెరట్లో ఆరేసేది. రెండేళ్లకు వేళ్ల సందులన్నీ పగిలాయి. కూర కలుపుకుంటే కారం మండేది. ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుడితే దారానికి రక్తం అంటుతోందని, మగ్గాల యజమాని ఆ పని మాన్పించాడు.

1995 ఎండాకాలంలో ఆసుపత్రికి వాషింగ్ మెషిన్ వచ్చింది, పైమూత తీసి బట్టలు వేసే రకం. హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి దాన్ని బిగించి, మీటలు చూపించి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

"ఇగ నన్ను రావద్దంటరేమో," అంది అనసూర్య ఇంటికెళ్లి.

"అననీయ్ ముందుగాల. గిప్పటి నుంచే పరేషాన్ ఎందుకు?" అన్నాడు దేవదాస్.

కానీ మర్నాటి నుంచే మెషిన్ మొండికేసింది. నీళ్లు నిండితే గానీ అది తిరగదు. అడుగున కొద్దిగా నిలిచిన నీళ్లు ఎంతసేపైనా పైకి రావు. అనసూర్య దుప్పట్లన్నీ మళ్లీ చేత్తోనే ఉతికింది. చేతులు మండినా, మనసులో కొంత నిమ్మళంగానే ఉంది.

డాక్టరు కంపెనీకి ఫోన్ చేస్తే, నల్లా పూర్తిగా తిప్పి, నీళ్లొచ్చే పైపు మూతిలోని జల్లెడలాంటి జాలీని కడగమన్నారు. అనసూర్య చీర కొంగు దోపుకుని పైపు ఊడదీసింది. జాలీ నిండా బోరునీళ్ల ఇసుకే. పాత పళ్ల బ్రష్‌తో రుద్ది మళ్లీ బిగిస్తే ధార జోరుగా వచ్చింది. ఇద్దరూ తొట్టిలోకి వంగి చూశారు. నీళ్లు ఇంతకుముందుకంటే కాస్త పైకి వచ్చి, అక్కడే ఆగిపోయాయి.

"ట్యాంకు ఖాళీ అయితుంది గని ఇది నిండుతలేదు. సోమవారం వాపస్ పంపుదాం," అంది డాక్టరు విసుగ్గా. అంతలో నొప్పులతో ఒకామె రావడంతో లోపలికి వెళ్లిపోయింది.

నల్లా కట్టేయకుండానే అనసూర్య ఆరిన బట్టలు తేవడానికి పెరట్లోకి వెళ్లింది. మోరీలో తేటనీళ్లు పారుతున్నాయి. నురగ లేదు, మురికి లేదు. ఎవరూ ఏదీ కడగడం లేదు. వెనక్కి చూస్తే, మెషిన్ నీళ్లు బయటికి పోయే పైపు మోరీలో పడి ఉంది. బిగించిన మనిషి దాన్ని గోడకున్న కొక్కేనికి ఎత్తుగా తగిలించి వెళ్లాడు. మురికినీళ్లు తొందరగా పోతాయని ఆ సాయంత్రమే ఆమే దాన్ని దించి కింద వేసింది.

 నోరు మూసుకుంటే సోమవారం మెషిన్ పోతుంది, పని మిగులుతుంది. వేళ్ల మీద పచ్చి గాయాలు చూసుకుంది. పైపు ఎత్తి కొక్కేనికి తగిలించింది. నీళ్లు పైకి రాసాగాయి. కొంతసేపటికి మెషిన్ గుర్రుమని తిరిగింది.

కాన్పు అయ్యేదాకా గది బయటే నిల్చుంది.

"డాక్టరమ్మా, పైపు నేనే కింద పడేసిన. వచ్చిన నీళ్లు వచ్చినట్టే మోరీల కలిసినయ్. ఇప్పుడు తిరుగుతుంది."

సరళాదేవి చేతులు కడుక్కుంటూ నవ్వింది. "నేను గూడ చూడలే గద."

"ఇగ నాకు పని ఉంటదా అమ్మా?"

డాక్టరు నవ్వు ఆపింది. "గీ ఫికర్ పెట్టుకున్నవా? బట్టలు వేసుడు, తీసుడు, ఆరేసుడు ఎవరు చేస్తరు? నువ్వే చెయ్. చేతులు మానినంక లోపలికి రా. పసిపిల్లలను చూసుకునే మనిషి కావాలె."

వానలు పడేనాటికి గాయాలు మానాయి. మొదటిసారి తడి తడిగా ఉన్న బిడ్డను చేతుల్లో పెట్టినప్పుడు, జారిపోతుందేమోనని అనసూర్య ఊపిరి బిగబట్టింది. నర్సు దగ్గరుండి నేర్పింది. తర్వాత చాలా ఏళ్లు ఆ ఆసుపత్రిలో పుట్టిన బిడ్డలను తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, బయట ఎదురుచూసే అమ్మమ్మల చేతికి అందించింది ఆమే.