గట్టు మీంచి పలికిన గొంతు

ముందే చెప్పేస్తాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయమూ లేదు. తాడేపల్లిగూడెంలో ఇరవై ఏళ్ళుగా హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నదాన్ని. "ఎవరో చెప్పారు మేడమ్" అంటే ఒప్పుకోను, స్టెప్పులు రాసి చూపించమంటాను. చిన్నప్పుడు మా ఇంట్లో దయ్యం అన్న మాట ఎత్తితే చాలు, మా అమ్మ బైబిలు చేతిలో పెట్టి కూర్చోబెట్టేది. అలా పెరిగాను.

కాబట్టి ఇది దయ్యం కథ అని నేను అనడం లేదు. ఏం కథో తెలిస్తే రాసే పనే ఉండేది కాదు. జరిగింది జరిగినట్టు స్టెప్పులన్నీ రాస్తాను. ఆన్సరు మాత్రం నా దగ్గర లేదు.

మా ఆయన ట్రాక్టర్ మెకానిక్. పెదవేగి పామాయిల్ తోటల్లో ఆయన చెయ్యి పడని ట్రాక్టరు లేదు. రెండేళ్ళ క్రితం ఫోనులో వీడియోలు చూసి చూసి ఆయనకి క్యాంపింగ్ పిచ్చి పట్టింది. టెంటు కొన్నారు. దాని వెనకాల గాలి పరుపు, మడత కుర్చీలు, పాత ఇన్వర్టర్ బ్యాటరీ, దాని మీద నడిచే ఫ్యాను, దోమల లైటు, కరెంటు కుక్కరు, అన్నీ వచ్చాయి. చలికాలంలో ఫ్యానెందుకు అని అడక్కండి. కొల్లేటి దోమల్ని చూడనివాళ్ళు అడిగే ప్రశ్న అది.

ఆ ఏడాది డిసెంబరులో రెండో శనివారం సెలవొచ్చింది. నేను, ఆయన, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి జెస్సీ, సామానంతా ట్రాలీ ఆటోలో వేసుకుని ఏలూరు మీదుగా పెదపాడు దాటి కొల్లేటి ఒడ్డుకి వెళ్ళాం. అక్కడ మా ఆయన బాబాయి ఒకాయన చేపల చెరువుకి కాపలా ఉంటారు. నాకు మావయ్యగారి వరస. గట్టుకి ఒక పక్క చేపల చెరువు, రెండో పక్క కిక్కిస గడ్డి, దాని అవతల కనుచూపు మేర కొల్లేరు. ఆ గట్టు మీదే మా టెంటు.

మావయ్యగారు ముప్ఫై ఏళ్ళుగా ఆ గట్టు మీద చాప పరుచుకుని పడుకుంటున్న మనిషి. మేం ఒక్కొక్కటే దించుతుంటే తలగుడ్డ సవరించుకుంటూ చూశారు.

"ఇంట్లోవన్నీ ఇక్కడికి తెచ్చేసుకుంటే, ఆ ఇల్లేం పాపం చేసిందిరా?" అన్నారు.

"హాయిగా పడుకుంటే తప్పేంటి బాబాయ్? ముళ్ళ మీద పడుకుంటేనే క్యాంపింగా?" అన్నారు మా ఆయన, ఫ్యాను బిగిస్తూ.

"హాయికేం రా, పడుకో. కాకపోతే గట్టు మీద పడుకోవడం అంటే చెవులు మేలుకుని పడుకోవడం. మీరు తలుపేసుకుని, గాలిమర తిప్పుకుని పడుకుంటే గట్టు మీదున్నా ఒకటే, గూడెంలో మీ ఇంట్లో ఉన్నా ఒకటే."

దాని మీద ఇద్దరూ టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. నాకైతే మావయ్యగారి మాట చాదస్తం అనిపించింది. వీపు నొప్పి లేకుండా చుక్కలు చూడగలిగితే చుక్కలేమన్నా తగ్గుతాయా?

సాయంత్రం ఆయన ఇంటికి బయల్దేరారు. మనవరాలికి జ్వరంగా ఉందట. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు. "ఈ పూటకి కాపలా మీదేనమ్మా. చేపల సంగతి పర్లేదు. తెల్లారగట్ల మంచు పడుతుంది. నీళ్ళ మీంచి ఎవరైనా కేకేస్తే మాత్రం పలకాలి. మనిషి గట్టెక్కేదాకా పలుకుతూనే ఉండాలి. అది ఇక్కడి కట్టుబాటు."

సరేనన్నాను. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. మంచులో మూడు నాలుగు గట్ల మీంచి జనం పలుకుతుంటారట. పడవలో ఉన్నవాడికి తన ఒడ్డేదో ఎలా తెలుస్తుంది? అందుకని మన మనిషయితే పేరు పెట్టి పలకాలట.

నేను నవ్వేశాను. "మీ అబ్బాయిని నేను పేరు పెట్టి ఎలా పిలుస్తానండీ? పెళ్ళయి పందొమ్మిదేళ్ళయింది, ఒక్కసారి పిలిచి ఎరగను."

"మరేమని పిలుస్తావ్?"

"ఏవండీ అంటాను."

"బాగుంది! ఏవండీ అంటే కొల్లేట్లో ఉన్న మగాళ్ళంతా మన గట్టెక్కుతారు. టీ కాచిపెట్టుకో మరి" అని నవ్వుకుంటూ సైకిలెక్కారు. పోతూ పోతూ మా ఆయనకి కూడా ఒకటి చెప్పారు, గడ్డి పక్కన కట్టేసి ఉన్న, తాటిమాను తొలిచి చేసిన దోనె జోలికి వెళ్ళొద్దని, దానికి చీలిక ఉందని. మా ఆయన వినే రకమయితే నేనిది రాసేదాన్నే కాదు.

ఆ రాత్రి చాలా బాగుంది. అబద్ధమెందుకు, అంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు. ఫ్యాను హోరు, మెత్తటి పరుపు, బయటెక్కడో పక్షుల సందడి, అదీ సగం సగం వినబడుతూ. టెంటు జిప్పు పైదాకా లాగేశాం. దుప్పటి గడ్డం దాకా కప్పుకున్నాను.

తెల్లవారుజామున నాకొక కల వచ్చింది. క్లాసులో హాజరు తీసుకుంటున్నాను. సుద్దపొడి గదంతా నిండిపోయింది, బోర్డు తెల్లగా, బెంచీలు తెల్లగా, పిల్లల మొహాలేవీ ఆనడం లేదు. రిజిస్టరులో ఒక పేరు దగ్గర ఆగిపోయాను. పిలుస్తున్నాను, పలకడం లేదు. మళ్ళీ పిలిచాను. ఆ పేరేమిటో కలలోనే నాకు తెలియడం లేదు, పిలుస్తున్నానని మాత్రం తెలుస్తోంది. పలికేదాకా రిజిస్టరు ముయ్యకూడదు అన్నంత పట్టుదల. విసుగు లేదు, భయం లేదు. కాళ్ళ కింద చల్లగా, తడిగా ఉంది. అలా ఎంతసేపు పిలిచానో. చివరికి ఆఖరి బెంచీ నుంచి ఎవరో "ఉన్నాను" అన్నారు. మా పిల్లలెవరూ అలా అనరు, "ప్రెజెంట్ మేడమ్" అంటారు. ఇదేంటి కొత్తగా అనుకుంటుండగా మెలకువ వచ్చింది.

టెంటు జిప్పు తెరుచుకుని ఉంది. మా ఆయన గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. నడుం దాకా తడి, ఒళ్ళంతా బురద, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆయన వెనక మంచు తప్ప ఇంకేమీ కనబడలేదు.

నన్ను చూసి, "నువ్వు అప్పుడే వచ్చి పడుకున్నావేంటి?" అన్నారు.

జరిగింది ఇది. ఇంకా చీకటి విడకముందే ఆయనకి మెలకువ వచ్చింది. గూడబాతుల్ని దగ్గర్నుంచి చూద్దామని వద్దన్న దోనే విప్పారు. ఫోను మాత్రం టెంటులో చార్జింగుకి పెట్టి వెళ్ళారు. గడ్డి దాటేసరికి మంచు కమ్మేసింది. గట్టు ఎటో తెలియలేదు. వెదురు గెడ నేలకి అందడం మానేసింది. అప్పుడు దోనెలోకి నీళ్ళు ఊరడం మొదలయింది. ఆయనకి ఈత రాదు. వెంట తెచ్చుకున్న టీ గ్లాసుతో నీళ్ళు తోడుతూ అరవడం మొదలుపెట్టారు.

రెండు మూడు కేకల దాకా ఏమీ వినబడలేదట. తర్వాత గట్టు మీంచి నా గొంతు.

"నీ గొంతే. 'సుధాకరూ' అని పిలిచావు" అన్నారు. ఆయన పేరు ఇక్కడ రాయక తప్పడం లేదు. "నేను కేకేసిన ప్రతిసారీ పలికావు. చివర రూ అని సాగదీసి, అక్కడ గొంతు చీలింది. ఇదిగో, ఇలా." అంటూ పిలిచి చూపించారు. ఆ గొంతు పట్టుకుని, గెడనే తెడ్డులా వేసుకుంటూ వచ్చారట. ఇరవై సార్లు పలికి ఉంటానట. దోనె ఒడ్డుకి తగిలేసరికి అంచుదాకా నీళ్ళే.

నేను కాదు, నిద్రపోతున్నాను అందామని నోరు తెరిచాను. మాట రాలేదు. గాలి వచ్చింది, అంతే.

జెస్సీ అప్పటికి గంట ముందు నుంచీ మేలుకునే ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఏదో సినిమా చూస్తోంది. దానికి కేకలూ వినబడలేదు, పిలుపులూ వినబడలేదు. కానీ నా చెయ్యి దాని మీదే ఉందట, బరువుగా ఉందని రెండుసార్లు తీయబోయిందట. "అమ్మ లేవలేదు నాన్నా. నోరు కూడా తెరవలేదు, గురక కూడా పెట్టలేదు. నా పక్కనే ఉంది" అని ఒట్టు పెట్టింది. నా పాదాలు చూసుకున్నాను. పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. గట్టంతా మంచుకి తడిసి బురదగా ఉంది.

ఆయన భ్రమ పడ్డారనే అనుకున్నాను. చావు భయంలో మనిషికి ఏదైనా వినబడుతుంది. కానీ మావయ్యగారు పాలు పట్టుకుని వచ్చేసరికి ఆయన వెంట బాతులు మేపుకునే ఒకతను కూడా వచ్చాడు. అరమైలు అవతలి గట్టు అతనిది. మా ఆయన వాలకం చూసి, "కేకలేసింది మీరాండీ?" అని అడిగాడు.

విన్నాడట. పలుకుదామని పాకలోంచి లేచాడట కూడా. "ఈ లోపల ఇటేపు నుంచి ఎవరో ఆడమనిషి పలికారండి. పేరెట్టి పిలుస్తున్నారు. సరే, సొంత మనుషులున్నారు కదా, నేనూ పలికితే దారి తప్పుతాడని ఊరుకున్నానండి" అన్నాడు.

మావయ్యగారు నా వంక చూసి, "పిలిచావన్నమాట. మంచి పని చేశావమ్మా" అన్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన నన్ను నమ్మి కాపలా అప్పగించారు. నేనేమో జిప్పు వేసుకుని, దుప్పటి కప్పుకుని, భర్త నీళ్ళలో చావుకేకలు పెడుతుంటే మొద్దు నిద్రపోయాను. ఆ మెప్పు నాది కాదు అని చెప్పడానికి కూడా గొంతు లేదు.

మూడు రోజులు స్కూలుకి వెళ్ళలేదు. ఏలూరులో గొంతు డాక్టరుకి చూపించుకున్నాను. లోపలంతా వాచిందన్నారు. జలుబు లేదు, జ్వరం లేదు. "టీచరు కదా, బాగా అరిచారా?" అని అడిగారు. ఫ్యాను గాలి, మంచు, ఏదైనా కావచ్చు. నేనూ అదే అనుకోవాలని చూశాను. అదొక్కటే అయితే అనుకునేదాన్ని.

ఆ తర్వాత ఏడాదంతా ఒకే ప్రశ్న నన్ను తినేసింది. ఆ వేళ నేను పలికానా, పలకలేదా? పక్కనే పడుకున్న మనిషి లేచి వెళ్ళింది తెలియలేదు, అరిచింది తెలియలేదు. వేరెవరో నా గొంతుతో నా పని చేసి పెట్టారంటే, నేను ఆయనకి ఏమయినట్టు? ఆయనతో అంటే నవ్వేసేవారు. "బతికున్నాను కదే, ఇంకేం కావాలి?" అనేవారు. నాకు కావాలి.

కిందటి చలికాలం మళ్ళీ వెళ్దామని నేనే అన్నాను. ఫ్యాను, పరుపు, బ్యాటరీ ఏవీ వద్దన్నాను. చాపలూ దోమతెరా పట్టుకెళ్ళాం. "ఇది క్యాంపింగ్ కాదు, పనిష్మెంట్" అని జెస్సీ దారంతా సణిగింది. మావయ్యగారు మాత్రం చాప చూసి మీసాల్లో నవ్వుకున్నారు. దోమలు మమ్మల్ని నిజంగానే పీక్కుతిన్నాయి. నడుం పట్టేసింది. అదే అసలు క్యాంపింగ్ అని నేను ఇప్పటికీ అనను. కానీ గడ్డిలో చేప ఎగిరిన చప్పుడు కూడా వినబడింది.

తెల్లారగట్ల మంచు దిగింది. మా ఆయన నీళ్ళ బిందె తీసుకుని గట్టు మీద పది అడుగులు వేశారో లేదో, మాయమైపోయారు. అంతా తెలుపు. అడుగుల చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఏవండీ" అన్నాను. ఇంకాస్త గట్టిగా పిలిచాను. "ఏవండీ!"

మంచులోంచి నవ్వు వినబడింది. "ఏ మగాడు కావాలండీ మేడమ్?"

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. చాప మీంచి లేచి, చెప్పుల్లేకుండా తడి గట్టు మీద నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. "సుధాకరూ" అని పిలిచాను. పెళ్ళయ్యాక మొదటిసారి. రూ దగ్గర గొంతు సాగి, చీలింది. చీల్చాలని నేను చీల్చలేదు.

అటువైపు నవ్వు ఆగిపోయింది. తర్వాత చాలా మెల్లగా జవాబు వచ్చింది.

"ఉన్నాను."

ఆ మాట, ఆ గొంతులో ఆ వణుకుతో సహా, నేను అంతకు ముందు విన్నాను. సుద్దపొడి నిండిన క్లాసులో, ఆఖరి బెంచీ నుంచి. ఆ కల సంగతి నేను అప్పటిదాకా ఆయనకి చెప్పనే లేదు.

ఆయన దగ్గరికొచ్చారు. బిందె ఖాళీగానే ఉంది. "అదే గొంతు" అన్నారు. ఇద్దరం అక్కడే కూర్చుండిపోయాం, ఎండ వచ్చేదాకా.

నేను టెంటులోంచి కదల్లేదని నా కూతురు ఈ రోజుకీ ఒట్టు పెడుతుంది. దాని మాట నేను నమ్ముతాను. పిల్లలెవరైనా ఇలాంటి లెక్క రాసుకొస్తే సున్నా వేసి తిరగ్గొడతాను. అయినా సరే, ఆ వేళ నేను పలకలేదని మాత్రం ఇప్పుడు ఎవరు చెప్పినా ఒప్పుకోను.