కొంగపిల్లల ముందు జహంగీర్

నిజాం రాజ్యం పోయిన కొత్తలో చొప్పదండి చుట్టూ ఫోటోలు తీసే జహంగీర్ సాబు ఏ గడపలోనైనా గొంతు తగ్గించే మాట్లాడేవాడు. బతికుండగా ఫోటో దించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని జనానికి భయం. మనిషి పోయాకే అతన్ని పిలిచేవారు. గోడకు ఆనించిన శవం తల నిలబెట్టి, చెదిరిన వెంట్రుకలు తన చేత్తోనే దువ్వేవాడు. అతడు కనిపిస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు.

ఆ వానాకాలం ఆ ఊళ్లో ఐలవ్వ అనే ఆమె పెరట్లోని చింతచెట్టు మీద కొంగలు గూడు కట్టి పిల్లల్ని పొదిగాయి. ప్రాణమున్నవాటిని ఒక్కసారైనా ఫోటో తీయాలని జహంగీర్, ఆమె వాకిట్లో లేని వేళ చూసి ఆమె మిద్దె మీద మూడుకాళ్ల కెమెరా నిలిపాడు. అంతలో కింద వాకిట్లోకి ఐలవ్వ వచ్చింది.

"దిగు సాబూ! నువ్వు దించినోళ్లు ఒక్కలన్న బతికున్నరా? నా బిడ్డ కాన్పుకొచ్చింది. గా కొంగపిల్లలకేమన్నయితే నా ఇంటికే అరిష్టం!"

"జర ఆగవ్వా, ఏం గాదు."

అతడు కెమెరా నల్లగుడ్డ తలమీదుగా కప్పుకోగానే తల్లికొంగలు అరుస్తూ లేచిపోయాయి. కొంగపిల్లల్లో పెద్దది బెదిరి, మింగిన చేపను కక్కి, రెక్కలు ముదరకుండానే కొమ్మ చివరికి నడిచింది. పడితే అందుకుందామని ఐలవ్వ ఒడి పట్టి కింద నిలబడింది. జహంగీర్ గుడ్డ మెల్లగా తీసేసి, ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండిపోయాడు. కొమ్మ ఊగింది. పిల్ల చాలాసేపటికి వెనక్కి నడిచి గూట్లో పడుకుంది.

"దించినవా?"

"లే అవ్వా. చెయ్యి రాలే. అద్దంలకెల్లి చూసిన, అంతే."

"చూసినవు గదా!" అంది ఐలవ్వ.

తన చూపే ఆ పిల్లకు తగిలిందేమోనని ఆ మాట అతన్ని పట్టుకుంది. పిల్ల ఎగిరిపోయేదాకా రోజూ పొద్దున్నే వచ్చి, దూరంగా నిలబడి, గూట్లోంచి దాని మెడ పైకి లేచాకే పనిలోకి పోయేవాడు.